కథ జెప్తె సదువు గాదా?

2023 కేంద్ర బడ్జెట్ల దేశమంత కలిపి 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడ్తమన్నరు. సీట్లు పెరుగుడు మంచిదే. గని నేనడిగేది ఇంకోటి: ఆ కాలేజీలల్ల సదువు ఎట్ల చెప్తరు?

కంఠేశ్వర్ దిక్కు నాకెరుకైన నర్సింగ్ పిల్లలల్ల శానమంది ఊర్లల్ల తెలుగు మీడియం సదివొచ్చినోళ్లు. పుస్తకమేమో ఇంగ్లిష్. అర్థం గాకున్నా బట్టీ కొడ్తరు. వార్డుల పేషెంటు మాత్రం "సిస్టరమ్మా, పెయ్యంత సల్లబడ్తున్నది, కండ్లకు సీకట్లొస్తున్నయ్" అంటది. ఆ మాటకూ పుస్తకంల ఉన్న 'హైపోగ్లైసీమియా'కూ నడుమ తొవ్వ ఎవరు చూపెట్టాలె?

కథ చూపెడ్తది. బీడీలు చేసే ఒక అవ్వ అనుకుందాం. పొద్దుగాల ఇన్సులిన్ సూది తీసుకున్నది. "ఇంకో కట్ట అయినంక తింట" అని కూసున్నది. జరసేపటికి చేతులు వణికినయ్, చెమటలు వట్టినయ్. కోడలేమో "షుగరున్నామెకు చక్కెరెట్ల వెడ్త?" అని బుగులువడ్డది. టీచర్ ఈడ కథ ఆపి అడగాలె: మీరైతె ఏం జేస్తరు? షుగర్ 70 కంటె తక్కువుండి, మనిషి తెలివిల ఉంటె 15 గ్రాముల చక్కెర నీళ్లల్ల కలిపి తాపాలె. 15 నిమిషాలకు మల్ల చూడాలె. తెలివి తప్పితె నోట్ల ఏం వొయ్యొద్దు, నరానికి గ్లూకోజ్ ఎక్కియ్యాలె. బట్టీ వట్టిన లెక్క పరీక్ష దాంక ఉంటది. అవ్వ ముచ్చటతోని విన్నది డ్యూటీల యాదికొస్తది.

ఇది కొత్త సంగతేం గాదు. అమెరికాల పాట్రీషియా బెన్నర్ 1984ల నర్సులు చెప్పిన అనుభవాలను పట్టుకొనే 'ఫ్రం నోవిస్ టు ఎక్స్‌పర్ట్' రాసింది. మనకు ఒగ్గు కథ, చిందు భాగోతం ఉండనే ఉన్నయ్. చిందు ఎల్లమ్మది బోధన్ దిక్కే.

రెండు జాగర్తలు మాత్రం కావాలె. కథ వేరు, కొలత వేరు. మందు డోసు లెక్కతోనే నేర్వాలె. ఇగ పేషెంటు పేరు, ఊరు చెప్పొద్దు. మన జిల్లాల ఇంటిపేరు చెప్తె చాలు, మనిషి ఎవరో దొరుకుతది.

మన నర్సింగ్ కాలేజీలకు పరీక్షలు వెట్టే యూనివర్సిటీకి కాళోజీ పేరున్నది. జనం మాట కోసం కొట్లాడిన మనిషాయన. ఆ పేరుకు తగ్గట్టు వారానికి ఒక గంట ఇయ్యండ్రి. ఏండ్లసంది వార్డుల చేసిన సిస్టర్లను పిలిచి చెప్పియ్యండ్రి. దీనికి కొత్త బిల్డింగు అక్కర లేదు.

నర్సింగ్ సదివే చెల్లెండ్లు, తమ్ములు సర్కార్ జీవో కోసం ఆగొద్దు. ఇయ్యాల డ్యూటీల చూసింది ఒక్కటి, పేరు లేకుంట, మీ రూంమేట్‌కు మన మాటల్ల చెప్పుండ్రి.