విత్తే ముందే డీఎన్‌ఏ పరీక్ష చేయాలి!



రోహిణి కార్తె రాగానే పత్తి విత్తనాల దుకాణం ముందు నిలబడతాం. ప్యాకెట్ మీద కాయ బొమ్మ చూస్తాం, ధర అడుగుతాం, పక్క చేనాయన ఏం వేశాడో కనుక్కుంటాం. మొలక సంగతి తేల్చుకోవాలంటే తడి గోనెపట్టాలో వంద గింజలు చుట్టి వారం ఆగితే సరి. లోపల బీటీ జన్యువు ఉందో లేదో మాత్రం గోనెపట్టా చెప్పదు.

విత్తనంలో ఏముందో తెలియక మా ఇంటికే దెబ్బ తగిలింది. గడ్డి మందు కొట్టినా చావని 'బీజీ-3' అంటే నమ్మి, మా నాన్న ఒక ఏడాది బిల్లు లేని లూజు విత్తనం తెచ్చాడు. మందు కొట్టిన పది రోజులకు గడ్డితో పాటు సగం పత్తి మొక్కలూ మాడిపోయాయి. అడుగుదామంటే చేతిలో కాగితం ముక్క లేదు. ఆ తర్వాత నేను బయోటెక్నాలజీలో చేరాను. పత్తి ఆకును మొదటిసారి పరీక్షించిన రోజున, ఇంత చిన్న పనా అని ఒళ్లు మండింది.

బీటీ అంటే మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. అది చేసే ప్రొటీను కాయతొలుచు పురుగు పేగుకు చిల్లులు పొడుస్తుంది. ఆ ప్రొటీను జన్యువును పత్తి కణంలోకి చేర్చడానికి అగ్రోబాక్టీరియం అనే మరో బ్యాక్టీరియాను వాడతారు. మొక్కల్లోకి తన డీఎన్‌ఏ దూర్చడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. బీటీ పత్తికి మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల బీజీ-2కు 2006లో. గడ్డి మందు తట్టుకునే పత్తికి అనుమతే లేదు. 'బీజీ-3' అన్నది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు.

పరీక్ష ఇలా ఉంటుంది. గోరంత ఆకు ముక్కనో, గింజనో చిన్న ట్యూబులో వేసి నూరతారు, ద్రావణం కలిపి కాగితం పట్టీ ముంచుతారు. పది నిమిషాల్లో రెండు గీతలు వస్తే బీటీ ప్రొటీను ఉన్నట్టు, ఒకటే వస్తే లేనట్టు. మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష పట్టీ లాంటిదే. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఇలాంటి పట్టీలను ఏనాడో తయారుచేసింది.

జన్యువునే పట్టుకోవాలంటే పీసీఆర్ చేయాలి. గింజలోంచి తీసిన డీఎన్‌ఏను 95 డిగ్రీల దాకా వేడి చేస్తే జంట పోగులు విడిపోతాయి. చల్లారాక, వెతుకుతున్న జన్యువు రెండు కొసల దగ్గర ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు... 30 చుట్లు తిరిగేసరికి వంద కోట్లు దాటుతుంది. జెల్‌లో పోసి కరెంటు పెడితే గీతగా కనబడుతుంది. ఒక రోజు పని. చేసే ప్రభుత్వ ల్యాబులు గుంటూరులోనూ ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

మరి లోటెక్కడ? చేను పోయి, మనం రోడ్డెక్కాక గానీ ఆ ల్యాబులు అధికారులకు గుర్తుకు రావు. దుకాణానికి వచ్చిన ప్రతి లాట్ నుంచి మే నెలలోనే నమూనా తీసి పరీక్షించాలి. లాట్ నంబరు, ఫలితం దుకాణం గోడ మీద తెలుగులో రాయాలి. రైతు వేదికలో పట్టీలు ఉంచి, అడిగిన రైతు కళ్లముందే వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) పరీక్ష చేసి చూపాలి. ఖర్చంటారా? విత్తనం అమ్ముకునే కంపెనీయే భరించాలి.

ఒక మాట దాచకుండా చెబుతున్నాం. పరీక్షలో నెగ్గిన విత్తనం వేసినా గులాబీ రంగు పురుగు రావచ్చు. ఆ పురుగు బీజీ-2కు అలవాటు పడిపోయింది. ప్యాకెట్‌లో ఏముందో చెప్పడం వరకే పరీక్ష పని, పంటకు అది పూచీ పడదు.

విత్తనం బాగాలేక పంట పోయిందని రైతు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, విత్తన ఇన్‌స్పెక్టరు ఖాళీ సంచి, లేబుల్, వాడని విత్తనం స్వాధీనం చేసుకోవాలని విత్తన నియమాల్లోనే ఉంది. మనమేమో చివరి గింజ దాకా విత్తేసి, సంచిని పొయ్యిలో వేస్తాం. ఈసారి బిల్లు అడిగి తీసుకోండి. సంచి పారేయకండి. గుప్పెడు గింజలు డబ్బాలో పోసి, లాట్ నంబరు రాసి అటక మీద పెట్టండి.

ఈ కాగితం వెనక వైపు ఖాళీగా వదిలాం. వచ్చే గ్రామసభలో అక్కడ సంతకాలు పెట్టి వ్యవసాయాధికారి (ఏఓ) గారి చేతికిద్దాం. వేలిముద్ర వేసేవాళ్ల కోసం ఇంకు ప్యాడ్ మేమే తెస్తాం.

— మీ ఊరి పత్తి రైతులు, వాళ్ల పిల్లలు