‘హోమ్లీ’ అనే మాట వెనక ఎంత చాకిరీ!

ఈమధ్య మా కౌన్సెలింగ్ కేంద్రానికి ఒక అమ్మాయి వచ్చింది. నర్సింగ్ చదివి రెండేళ్ళు ఉద్యోగం చేసింది. పెళ్ళైన మూడో నెలలో అత్తగారింట్లో ఉద్యోగం మానేయమన్నారు. ఇరువైపుల వాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడుతుంటే అత్తగారు సంచీలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. పెళ్ళిచూపులకి ముందు అమ్మాయి తండ్రి పంపిన బయోడేటా అది.

‘‘చూడండి మేడమ్, ‘హోమ్లీ’ అని వాళ్ళే రాశారు. ఇంటిపట్టున వుండే పిల్ల అనే కదా మేం చేసుకున్నాం’’ అన్నారావిడ.

‘‘అందరూ రాస్తారు కదా అని రాయించానండీ’’ అంటూ తండ్రి తలొంచుకున్నారు.

ఆ మాటకి నేనూ లోపల తలొంచుకున్నాను. చాలా ఏళ్ళ కిందట మా చెల్లెలి బయోడేటాలో ఈ మాట రాసింది నేనే. రాసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇంతకీ ఈ మాటకి అర్థమేమిటి? ‘హోమ్’ అంటే ఇల్లు. దాన్నుంచి పుట్టిన ఈ విశేషణానికి బ్రిటన్‌లో సాదాసీదాగా, ఇంట్లో వున్నంత హాయిగా వుండేది అని అర్థం. అమెరికాలో మనిషిని హోమ్లీ అంటే అందచందాలు లేని మనిషి అని అర్థం. అమెరికా సంబంధం కోసం ‘అందమైన, హోమ్లీ అమ్మాయి కావలెను’ అని మనవాళ్ళు ప్రకటన వేస్తే అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు నవ్వుకుంటారు. మన దేశంలో పెళ్ళి ప్రకటనల దగ్గరకొచ్చేసరికి ఈ మాటకి మూడో అర్థం వచ్చింది. అది నవ్వుకునే అర్థం కాదు.

ఆ అర్థం తెలియాలంటే మన తెలుగులో దానికున్న పర్యాయపదాలు చూడాలి. సంసారపక్షం పిల్ల. అణకువ గలది. ఒద్దికైనది. నెమ్మదస్తురాలు. ఇంటిపట్టున వుండేది. నోట్లో నాలుక లేనిది. వీటిలో ఒక్కటైనా ఆ అమ్మాయికి ఏం వచ్చో, ఏం ఇష్టమో చెబుతుందా? ఆమెతో ఇతరులకి ఎంత సుఖమో మాత్రమే చెబుతాయి. ‘నోట్లో నాలుక లేని పిల్ల కావలెను’ అని పేపర్లో వేయడానికి చదువుకున్న కుటుంబాలకి మొహమాటం. ఆ మొహమాటాన్ని ఇంగ్లీషు మాట తీరుస్తోంది. అడిగేది అదే, అడిగినట్టు మాత్రం వుండదు.

మగవాళ్ళకి ఈ విశేషణం ఎప్పుడైనా వాడామా? ఇంట్లో వుండే మగవాణ్ణి ‘ఇంట్లో కూర్చున్నాడు’ అంటాం. ఆడవాళ్ళకి మెచ్చుకోలు అయింది మగవాళ్ళకి తిట్టు అవుతోంది.

ఇంటిని ప్రేమించడం తప్పని నేననడం లేదు. ఇంట్లోనే వుంటామని తమంతట తాము నిర్ణయించుకున్న స్త్రీలూ వున్నారు. వాళ్ళని తక్కువ చేయడం మన ఉద్దేశం కాకూడదు. నా అభ్యంతరం వేరు. ఈ మాట ఇంటి పనిని పనిగా కాక గుణంగా చూపిస్తుంది. పని అంటే దానికి వేళలుంటాయి, విలువ వుంటుంది, ఇంకొకరితో పంచుకోమని అడగొచ్చు. గుణానికి ఇవేవీ వుండవు. పొద్దున్నే లేచి వండటం ఆమె స్వభావం అన్నాక, అలిసిపోయానంటే ఆమె స్వభావమే చెడిందంటారు.

ఆ పని ఎంతో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ సర్వే జరిగింది. స్త్రీల సమయం 289 నిమిషాలకి వచ్చింది. అయిదేళ్ళలో మనకి దక్కింది పది నిమిషాలు!

2021 జనవరిలో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి కుటుంబానికి పరిహారం నిర్ణయిస్తూ, గృహిణి పనికి ఆదాయం లెక్కకట్టాలని చెప్పింది. మంచిదే. అయితే చనిపోయాక లెక్కకొచ్చే పని బతికుండగా ఎందుకు లెక్కకి రాదు? 2023లో అదే కోర్టు మూస భావాలపై ఒక చేతిపుస్తకం తెచ్చింది. ‘విధేయురాలైన భార్య’, ‘మంచి భార్య’ అనే బదులు ‘భార్య’ అంటే చాలని అందులో వుంది. విశేషణం తీసేస్తే మనిషి మిగులుతుందన్నమాట. మన బయోడేటాలకీ ఇదే వర్తిస్తుంది.

అత్తగారితో నేను రెండు విషయాలు చెప్పాను. బయోడేటాలో ఒక మాట వున్నంత మాత్రాన ఆ అమ్మాయి ఉద్యోగం వదులుకుంటానని రాసిచ్చినట్టు కాదు. రెండోది, గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని కింద 2006లో చేసిన నియమాలతో ఇచ్చిన ఫారాల్లో, ఉద్యోగం చేయనివ్వకపోవడాన్ని కూడా హింసల జాబితాలో రాశారు. మన కార్యకర్తల్లో చాలామందికి కొట్టడం, తిట్టడం వెంటనే గుర్తొస్తాయి గానీ ఇది గుర్తురాదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ సంగతి తప్పకుండా అడిగి రాయండి.

ఆ కుటుంబం సమస్య ఇంకా తేలలేదు. మరోసారి రమ్మన్నాం. వెళ్ళేటప్పుడు అమ్మాయి తండ్రితో అంది: ‘‘హోమ్లీ అని రాసే చోట నర్సు అని రాసుంటే సరిపోయేది కదా నాన్నా!’’

మనం చేయగలిగింది అక్కడే మొదలవుతుంది. మన ఇళ్ళలో, బస్తీల్లో, సంఘాల్లో ఎవరు బయోడేటా రాయించుకోడానికి వచ్చినా ఆ మాట కొట్టేద్దాం. ఆ స్థానంలో అమ్మాయినే అడిగి తన పని, తన ఇష్టం, పెళ్ళయ్యాక ఏం చేయదలుచుకుందో పచ్చి తెలుగులో రాద్దాం. ‘హోమ్లీ అమ్మాయి కావాలి’ అన్నవాళ్ళని ‘అంటే ఏమిటండీ?’ అని అడుగుదాం. విడమరిచి చెప్పాల్సి వస్తే చాలామంది తడబడతారు. ఆ తడబాటు వాళ్ళకీ మంచిదే, మనకీ మంచిదే.