యుద్ధానంతరమున మన విద్యార్థి లోకము

యుద్ధము ముగిసినంతమాత్రమున ప్రజల కభ్యుదయము కలిగినదని తలచుట పొరపాటు. ఫిరంగుల మ్రోత యాగిన పిమ్మట ఊరి బాలునకు చదువుకొన బడియు, ఆడుకొన మైదానమును, నిర్భయముగా మాటలాడు నవకాశమును దొరకినవా యని విచారింపవలెను. పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల చరిత్ర నీ కొలతతోనే చూతము.

1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి నిజాము రాజ్యమున కంతటికిని ఉస్మానియా యొక్కటే విశ్వవిద్యాలయము. అది 1918లో ఏర్పడెను. బోధన ఉర్దూలో జరుగుచుండెను. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము కన్నులపండువుగా నుండెను. కాని మన జిల్లాల బాలుడు కళాశాల మెట్టెక్కవలెనన్న ఇల్లు విడిచి వరంగల్లుకో హైదరాబాదుకో పోవలసియుండెను. పోయినచోటనైన స్వేచ్ఛ యుండెనా? 1938లో వందేమాతరగీతము పాడినందులకు వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. వంగర గ్రామపు పి.వి. నరసింహారావుగారు వారిలో నొకరు. నాగపూరు విశ్వవిద్యాలయము వారి నాదరించెను. స్వస్థానమున చోటు దొరకని ఆ విద్యార్థియే 1991లో భారత ప్రధానమంత్రి యయ్యెను.

యుద్ధము ముగిసినను మన రాజ్యమున శాంతి కలుగలేదు. 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెసు భారత యూనియనులో చేరుటకై ఉద్యమ మారంభింపగా విద్యార్థులు తరగతులు విడిచి వీధిలోనికి వచ్చిరి. 1948 మార్చి 14న మహమ్మదాపురమువద్ద అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి మొదలగు వీరులు కరీంనగరపు గడ్డపై ప్రాణము లర్పించిరి. ఆ సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోయెను.

ఆపై లభించిన దేమి? ఉస్మానియాలో ఉర్దూ తొలగెను; ఆ పీఠముపై ఇంగ్లీషు కూర్చుండెను; తెలుగు గడపవద్దనే నిలిచెను. కరీంనగరమున శ్రీ రాజరాజేశ్వర కళాశాల వెలయుటకు 1956 వరకు వేచియుండవలసివచ్చెను. రాజధాని యెరుగని పాఠమొకటి మాత్రము ఆదిలాబాదు అడవి ముందే యెరిగెను. 1940లో జోడేఘాటులో కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, 1943లో మార్లవాయి గ్రామమున హైమెండార్ఫుగారి పూనికతో గోండు యువకులకు ఉపాధ్యాయశిక్షణ మొదలయ్యెను. గోండీలోనే వాచకములు వెలువడెను. తల్లిభాషలో చదువు సాధ్యమని నిరూపించినవారు కొండలలోని గోండులు!

ఇక క్రీడలు. ఉస్మానియా మైదానమున ఆడిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు వృత్తిచే ఉపాధ్యాయుడు. వారి శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలిచెను. రాజకీయములు మనుష్యులను విడదీసిన కాలమున ఆటస్థలము వారిని ఒక్క జట్టుగా నిలిపినది. మైదానము విలాసము కాదు. అదియును ఒక తరగతి గదియే. కరీంనగరమునను ఆదిలాబాదునను క్రీడాపాఠశాలలు వెలసినందుకు సంతోషింతము. కాని ఏరికోరిన కొందరికే ఆట పరిమితము కారాదు.

"చదువుకొను పిల్లలకు రాజకీయము లెందుకు?" అని పెద్దలు మందలింతురు. పార్టీలకు జెండాలు మోయుటయే రాజకీయమైనచో మేమును వారితో ఏకీభవింతుము. అయితే అన్యాయము నన్యాయమనుట, పదిమందితో కూడి నిర్ణయించుట, ఓడినను నియమమునకు లోబడుట – ఇవి నేర్వనివాడు పట్టభద్రుడైనను పౌరుడు కానేరడు. 2008లో కరీంనగరమునకు శాతవాహన విశ్వవిద్యాలయమును, బాసరకు సాంకేతిక విశ్వవిద్యాలయమును వచ్చినవి. 2022 జూనులో బాసర విద్యార్థులు వసతులకొరకు, పూర్తికాలపు ఉపకులపతికొరకు దినముల తరబడి శాంతియుతముగా బైఠాయించిరి. వారు తరగతికి దూరమైనారని కొందరు నిందించిరి. పౌరధర్మమున నదియును ఒక పాఠమని మా యభిప్రాయము.

కళాశాల యనగా నాలుగు గోడలును ఒక పరీక్షాపత్రమును కావు. ప్రతి ప్రభుత్వ కళాశాలకు ఆటస్థలము, తెరచియుండు గ్రంథాలయము, విద్యార్థులే యెన్నుకొను సంఘము – ఈ మూడును మనము కోరవలెను. వీనిని అర్థించుట భిక్ష కాదు. 1948లో ఈ జిల్లాలు రక్తముతో ముందుగానే చెల్లించిన వెలకు ఇంకను రావలసిన బాకీ. ఆ బాకీని పఠనమందిరములలో కూర్చుండు పెద్దలు తమ ప్రతినిధులకు జ్ఞాపకము చేయుదురు గాక!