కామెర్లు అన్న మాట చాలదు

మన వాడుకలో కాలేయానికి వచ్చే జబ్బులన్నిటికీ దాదాపు ఒకటే పేరు: పచ్చకామెర్లు. కళ్ళు పచ్చబడితేనే జబ్బు, పసరు వేయించి పథ్యం చేస్తే నయం అన్న నమ్మకం కూడా ఆ పేరును అంటిపెట్టుకునే ఉంది. హెపటైటిస్-సి విషయంలో ఈ పేరే మనల్ని మోసగిస్తుంది. ఈ వైరస్ సోకిన చాలామందికి కళ్ళు పచ్చబడవు. ఒంట్లో నిలిచిపోయిందా, 20 ఏళ్ళలో నూటికి 15 నుంచి 30 మందికి కాలేయం గట్టిపడిపోతుంది.

ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ పరిశోధనకు 2020లో నోబెల్ బహుమతి దక్కింది. టీకా ఇంకా లేదు గానీ, 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతోంది. 2013లో అమెరికాలో సోఫోస్బువిర్ మాత్ర ఒక్కొక్కటి 1000 డాలర్లకు అమ్మారు. 2015లో మన హైదరాబాదు సంస్థ నాట్కో అదే మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు తెచ్చింది. అంటే మాత్ర 700 రూపాయల పైచిలుకు. ఇక్కడిదే అయిన హెటిరో కూడా తయారుచేసింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందు ఉచితం.

మందు మన ఊళ్ళోనే పుట్టింది. లేనిది పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచనే. మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో ఏటా జరిగే ఆరోగ్య పరీక్షల్లో చక్కెర, కొలెస్టరాల్ చూస్తారు. ఈ వైరస్ సంగతి సాధారణంగా ఎవరూ అడగరు. తమకిది ఉందని రక్తదాన శిబిరంలో రక్తమిచ్చాక గానీ తెలియనివారు ఉంటారు.

అయితే నా దిగులు ఆ యువకుల గురించి కాదు, వారి తల్లిదండ్రుల గురించి. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకు ముందు కాన్పులోనో, ఆపరేషన్లోనో రక్తం ఎక్కించుకున్న అమ్మలు ఎందరు! ఒకే సూదిని మరిగించి మళ్ళీ మళ్ళీ వాడిన రోజులవి.

బయటపడితే ఉద్యోగానికీ పెళ్ళికీ అడ్డమవుతుందన్న భయం ఉంది. అది నిరాధారమని నేననను. అందుకే పరీక్ష ఇష్టపూర్వకంగా, గోప్యంగా జరగాలి. కలిసి భోంచేస్తే, చేయి కలిపితే ఇది అంటదని అందరికీ చెప్పాలి. మొదటి రక్తపరీక్షలో ఉందని వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. వైరస్ ఇంకా ఉన్నదీ లేనిదీ రెండో పరీక్ష తేలుస్తుంది.

అంతర్జాలంలో తెలుగు కోసం ఎన్నో కొత్త మాటలు పుట్టించుకున్నాం. దీనికి కొత్త మాట పుట్టించలేకపోయినా, పాత ప్రశ్న ఒకటి అడగగలం. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు అడగండి: "అమ్మా, నీకెప్పుడైనా రక్తం ఎక్కించారా?"