తాళాల గుత్తి అందరికీ ఇవ్వొద్దు!

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఓ నెట్ సెంటర్ ఉందనుకోండి. రెండు కంప్యూటర్లు, రెండింట్లోనూ లినక్స్. పొద్దున హాల్‌టికెట్లు, మధ్యాహ్నం అడంగల్ ప్రింట్లు. యజమాని నంద్యాల వెళ్లిన రోజే ప్రింటర్ మొరాయిస్తే? 'ఆ పాస్‌వర్డేదో కుర్రాడికి చెప్పేస్తే పోలా' అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే!

లినక్స్‌లో 'రూట్' అంటే సర్వాధికారి. ఏ ఫైలునైనా చెరిపేయగలడు, ఎవరి పాస్‌వర్డ్‌నైనా మార్చేయగలడు. పైగా ఒకే పాస్‌వర్డ్‌ను నలుగురూ వాడితే తప్పు ఎవరిదో తేలదు.

ఈ బెడదకు 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షల్, క్లిఫ్ స్పెన్సర్ ఓ ఉపాయం కనిపెట్టారు. అదే 'సుడో'. మామూలుగా దీన్ని వాడేవారు తమ సొంత పాస్‌వర్డే ఇస్తారు. యజమాని అనుమతించిన పని మాత్రమే జరుగుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ ఆదేశం ఇచ్చారో చిట్టాలో నమోదవుతుంది.

మరి మనమేం చేయాలి?

* ఉబుంటు సెట్టింగ్స్‌లో 'యూజర్స్' తెరిచి, ఒక్కొక్కరికీ వేరే ఖాతా ఇవ్వండి. 'అడ్మినిస్ట్రేటర్' హోదా యజమానికి ఉంచి, మిగతావారికి తీసేయండి.

* ప్రింటర్ సంగతులు చూసుకోవడానికి సర్వాధికారం అక్కర్లేదు. కుర్రాడిని 'ఎల్‌పీఅడ్మిన్' గ్రూపులో చేర్చితే చాలు.

* ఇంకేదైనా ఒక్క ఆదేశానికే అనుమతి ఇవ్వాలంటే 'సుడోయర్స్' ఫైలులో రాయాలి. దాన్ని 'విసుడో'తోనే తెరవండి. రాతలో తప్పుంటే సేవ్ చేసేముందే హెచ్చరిస్తుంది. లేదంటే చిన్న పొరపాటుకే సుడో పనిచేయడం మానేయొచ్చు.

* 'విమ్' లాంటి ఎడిటర్‌ను సుడోతో వాడుకోనివ్వడం ప్రమాదం. అందులోంచి ఏ ఆదేశాన్నైనా రూట్ హోదాలో నడపొచ్చు. కిటికీ తీశామనుకుంటాం, తెరుచుకునేది సింహద్వారం!

* అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2011 నుంచి సుడోలో దాగి ఉన్న ఓ లోపం 2021 జనవరిలో బయటపడింది. దాంతో మామూలు యూజర్ కూడా సర్వాధికారి అయిపోయే వీలుండేది. సరిచేసిన కూర్పు అప్పుడే వచ్చింది. అప్‌డేట్ చేసుకున్నవారికి ఆ ముప్పు తప్పింది.

ఇంట్లో ఒకే కంప్యూటర్‌ను అందరూ వాడుతున్నా ఇదే పద్ధతి. పిల్లల ఖాతా మామూలుదైతే పాఠాలూ ఆటలూ ఏవీ ఆగవు. కొత్త సాఫ్ట్‌వేర్ వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం 'నాన్నా, ఒక్కసారి రా' అని పిలుస్తారు. వెళ్లి, అదేమిటో చూసి, అప్పుడు మీ పాస్‌వర్డ్ కొట్టండి.