ప్రయోగానికి ముందు, పంపకానికి వెనక

2021 వేసవి గుర్తుంది కదా. టీకా స్లాటు కోసం ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చున్న రోజులు. జైళ్లలోనూ టీకాలు వేస్తారట అన్న కబురు రాగానే చాలా నోళ్ల విన్నాను: "మనకే దిక్కు లేదు, వాళ్లకా?" డోసు అందక తల్లిని పోగొట్టుకున్నవాడు ఆ మాటంటే తప్పుపట్టను. కడుపునిండా తిని, రెండు డోసులూ వేయించుకున్నవాళ్లు కూడా అన్నారే, అదీ నా తగువు.

అమెరికాలో కొలరాడో గవర్నర్ అంతకుముందు డిసెంబరులోనే ఈ మాట బాహాటంగా అనేశాడు. నేరం చేయనివాళ్లకు అందాకే ఖైదీలకట. మన దగ్గర ఎవరూ నోరు జారలేదు గానీ, అప్పటి టీకా ప్రాధాన్య జాబితా చూడండి. పోలీసులతో పాటు జైలు సిబ్బంది ముందువరుసలో ఉన్నారు. ఉండాల్సిందే. కానీ వాళ్లు తాళం వేసే బారక్‌లోని మనిషి మాత్రం తన వయసు వంతు వచ్చేదాకా ఆగాలి. దూరం పాటించమంటే ఎటు జరుగుతాడు? 2021 చివరి లెక్క ప్రకారం దేశంలో 100 మందికి కట్టిన జైలులో 130 మంది ఉన్నారు. అందులో 77 శాతం విచారణ ఖైదీలు. తప్పు చేసినవాడు అనుభవించాలంటారా, తప్పు చేశాడని ఇంకా ఏ కోర్టూ తేల్చలేదు. కాస్త గాలి ఆడనివ్వండని, మన పొన్నవరం నుంచి వెళ్లిన ఎన్‌.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం మే 7న కొందరి విడుదలకు ఆదేశించింది.

టీకా వరుసలో ఖైదీ ఎప్పుడూ వెనకే అనుకుంటే పొరపాటు. 1721లో లండన్ న్యూగేట్ జైల్లో ఉరిశిక్ష పడ్డ ఆరుగురిని పిలిచి, మశూచి రసి ఎక్కించుకుంటే వదిలేస్తామన్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు! ఆరుగురూ బతికారు. మరుసటి ఏడు అదే రసి రాజుగారి మనవరాళ్లకు ఎక్కించారు. 1897 జనవరిలో బొంబాయిలో శాస్త్రవేత్త హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు, ఆ నిజాయితీకి దండం. ఆ నెలాఖరుకే ప్లేగు సోకిన బైకుల్లా జైలుకు వెళ్లి, ముందుకొచ్చిన ఖైదీలకు వేశాడు. గోడల మధ్య ముందుకు రావడమంటే ఏమిటో నాకైతే ఇప్పటికీ సందేహమే. మందు పనిచేస్తుందో లేదో తెలియనప్పుడు వాళ్ల ఒళ్లు మన ఒళ్లలాంటివే. తెలిశాక వేరు.

మళ్లీ 2021కి వద్దాం. టీకాకు గుర్తింపు కార్డు కావాలన్నారు. చాలామంది ఖైదీల దగ్గర లేదు. అలాంటివాళ్ల కోసం కేంద్రం మే 6న ప్రత్యేక పద్ధతి ప్రకటించింది. సాధువులు, సంచారులు, బిచ్చగాళ్లతో పాటు ఖైదీలనూ చేర్చింది. మంచిదే. కాకపోతే పేరు, తండ్రి పేరు, ఊరు, వేలిముద్రలు, ఏ చెంప మీద పుట్టుమచ్చ ఉందో దాకా సర్కారే స్వహస్తాలతో రాసిపెట్టుకున్న మనుషులు వాళ్లు.