ఆటిజం గల బాలలు: బడిలో వారి రక్షణ

ఉపాధ్యాయుడు "నీ పేరేమిటి?" అని అడుగును. పిల్లవాడు తలయెత్తి చూడడు. "నీ పేరేమిటి?" అని అదే స్వరముతో, అదే యాసతో మరల పలుకును. తరగతి గొల్లుమనును. ఉపాధ్యాయునకు అది వెక్కిరింతగా తోచును. ఆపైన చేయి లేచును. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని ఇట్టిది జరుగుటకు ఉపాధ్యాయుడు దుర్మార్గుడే కానక్కరలేదు. ఎదుట నున్న పిల్లవాని స్థితి తెలియకపోవుట ఒక్కటి చాలును. విన్న మాటను విన్నట్లే తిరిగి పలుకుట ఆటిజం గల పిల్లలలో తరచు కనిపించు లక్షణము. ప్రశ్న చెవిని బడినది. దానికి జవాబు కూర్చుకొనుటకు వ్యవధి కావలెను. ఆ లోపల నోటికి అందివచ్చినది విన్న మాటయే. అది ఎగతాళి కాదు, మాటలాడుటకు చేసిన ప్రయత్నము. ఆ ప్రయత్నమునకే దెబ్బ పడినచో పిల్లవాడు నేర్చుకొను పాఠమేమి? నోరు తెరువరాదని!

ఈ స్థితికి తెలుగులో 'స్వలీనత' యను పేరును కొందరు వాడుచున్నారు. పండితులకు నచ్చదగిన మాటయే గాని, తనలో తాను లీనమై సుఖముగా నున్న యోగి వంటి వాడు పిల్లవాడను భ్రమ దానివలన కలుగును. అతడు లోకమును విడిచిపెట్టలేదు. పలువురి విషయములో లోకమే హెచ్చు శబ్దముతో, హెచ్చు వెలుతురుతో మీదికి వచ్చి పడుచున్నది. ఇక వీధిలో వినబడు పేర్లు వేరు. పొగరు, మొండి, మొద్దు, పిచ్చి — ఈ నాలుగింటిలో ఏదో యొకటి అతనికి బడిలో చేరిన మొదటి వారమునందే దక్కుచున్నది.

శాస్త్రజ్ఞులు సైతము ఈ పిల్లలను అర్థము చేసికొనుటలో తక్కువ పొరపాట్లు చేయలేదు. మాస్కోలో గ్రున్యా సుఖరేవా యను వైద్యురాలు 1925లోనే ఇట్టి బాలురను గూర్చి వ్రాసెను. ఆమె మాట చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ పదునొకండుగురు పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసముతో లోకమునకు ఈ స్థితి తెలిసినది. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ తన పరిశీలనలను ప్రకటించెను. అటుపిమ్మట వచ్చినది విచిత్రమైన కాలము. తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి మూలమను వాదము బయలుదేరినది. షికాగోలో పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథముతో ఆ వాదము ఊరూరా ప్రాకినది. లెక్కలేనంతమంది తల్లులు తమ పిల్లల స్థితికి తామే కారణమని కుమిలిపోయిరి. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కవల పిల్లలపై జరిపిన పరిశోధన, దీని వేళ్ళు చాలవరకు పుట్టుకలోనే యున్నవని చూపుటతో ఆ నింద బలహీనపడినది. ఇందులో గమనింపదగిన విషయము మరొకటి గలదు. 1990లో బెటెల్‌హైమ్ మరణించిన పిదప, ఆయన పాఠశాలలో చదివిన కొందరు తమను ఆయన కొట్టెడివాడని బహిరంగముగా చెప్పిరి. తల్లులకు ప్రేమ చాలదన్న పెద్దమనిషి బడి సంగతి అది!

మన వైపు తల్లిని నిందించుటకు గ్రంథములు అక్కరలేదు. "నువ్వు గారాబము చేసి చెడగొట్టినావు" అను అత్తగారి మాటయు, "ఇంటివద్ద అదుపులో పెట్టుడమ్మా" అను పంతులమ్మ మాటయు చాలును.

బడి యనునది ఆటిజం గల పిల్లవానికి ఎట్లుండునో ఒక్కసారి ఊహింపవలెను. గంట కొట్టుట ఇతరులకు సంతోషము; అతనికి చెవిలో సూది గ్రుచ్చినట్లుండవచ్చును. అందుకే చెవులు మూసికొనును. కొత్త యూనిఫారము మెడవద్ద చీటీ ఒరసికొనును, చొక్కా లాగివేయును. మధ్యాహ్న భోజనములో గ్రుడ్డు వాసన గిట్టదు, పళ్ళెము త్రోసివేయును. ప్రతిదినము రెండవ పీరియడు లెక్కలు. ఆ దినమున లెక్కల మాస్టారు సెలవుపెట్టుటచే తెలుగు చెప్పిరి. అంతటితో అతని దినము తలక్రిందులైనది. చేతులాడించును, ముందునకు వెనుకకు ఊగును. ఇవి చూచువారికి చేష్టలు. అతనికి మనస్సును నిలుపుకొను ఉపాయములు. "చేతులు కట్టుకొని కూర్చో" యనుటతో ఆ ఉపాయము గూడ పోవును. అప్పుడు పెద్దపెట్టున ఏడ్పు, తల గోడకు కొట్టుకొనుట. దానికి దండన. దండనతో ఏడ్పు మరింత హెచ్చును. దీనిని క్రమశిక్షణ యనుట మాటను దుర్వినియోగము చేయుటయే.

దెబ్బ ఒక్కటే దుశ్చర్య కాదు. తరగతి బయట ఎండలో నిలబెట్టుట, చీకటి గదిలో పెట్టి తలుపు వేయుట, బల్లకు కట్టుట, తోటివారిచేత వెక్కిరింపజేయుట, అన్నము ఆపివేయుట, వార్షికోత్సవమునాడు "ఇవాళ పంపకండి" అని ఇంటికి కబురుచేయుట — అన్నియు ఇందులోనివే. ర్యాంకులే ఊపిరిగా గుంటూరు సీమలో వెలసిన ప్రైవేటు బడులలో దీనికి మర్యాదగల రూపము వేరొకటి గలదు. "మీ వాడికి మా బడి సరిపడదండీ, టీసీ తీసికొని వెళ్ళండి." ఈ మాటకు గాయము కనబడదు, పంచనామాకు అందదు, కాని పిల్లవాని బడి యంతటితో సరి.

చట్టము మాట చూచినచో, దేశమున కొరత లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లోనే విద్యా నిబంధనలను సవరించి బడులలో దేహదండనను నిషేధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము దేహదండనను, మానసిక వేధింపును రెంటిని నిషేధించుచున్నది. చేసినవారిపై ఉద్యోగ నిబంధనల ప్రకారము చర్య తీసికొనవలెను. చేర్చుకొనిన పిల్లవానిని ప్రాథమిక విద్య ముగియకముందు బడినుండి వెళ్ళగొట్టరాదని అదే చట్టము చెప్పుచున్నది. 1995 నాటి వికలాంగుల చట్టములో ఏడు వైకల్యములే లెక్కకు వచ్చినవి. ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టములో అది చోటుచేసికొన్నది. 2016 చట్టము వైకల్యముల సంఖ్యను 21కి పెంచి ఆటిజమును చేర్చినది. దీని 92వ విభాగమును ప్రతి ప్రధానోపాధ్యాయుడు చదివి తీరవలెను. వికలాంగుని నలుగురి యెదుట కావలెనని అవమానించినను, బెదరించినను, అవమానింపవలెనని చేయిచేసికొన్నను, తన సంరక్షణలో నున్నవానికి తెలిసి తెలిసి అన్నపానములు నిరాకరించినను ఆరు నెలలకు తగ్గకుండ, అయిదేండ్ల వరకు జైలుశిక్ష, జరిమానా గలవు. బాలల న్యాయచట్టము 75వ విభాగము ప్రకారము, పిల్లల సంరక్షణ చూచు సంస్థలో పనిచేయువాడు క్రూరముగా ప్రవర్తించినచో శిక్ష అయిదేండ్ల కఠిన కారాగారము, అయిదు లక్షల జరిమానా వరకు పోవచ్చును.

చట్టము పుస్తకములోనే యున్నప్పుడు ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనమునకై పరిశీలించిన 13 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడికి పోవు పిల్లలలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారేనని అందు తేలినది. మన రాష్ట్రములో నిషేధము వచ్చి అప్పటికి అయిదేండ్లు! 2014 జులైలో కాకినాడలో అంధబాలుర పాఠశాల యొకదానిలో చిన్నపిల్లలను కర్రతో బాదుచున్న దృశ్యము టెలివిజనులో ప్రసారమైనది. బాదినవారు పరాయివారు కారు, బడిని నడుపువారే. పోలీసులు వారిని అరెస్టు చేసిరి. ఎవరో ఫోనులో చిత్రించుటవలన అది బయటపడినది. లేనిచో ఆ పిల్లలు తమను కొట్టినవారిని చూచి గుర్తుపట్టి చెప్పుటకైనను లేదు. ఆటిజం గల పిల్లవానికి కన్నులున్నవి, చూచినది మరువడు. చెప్పుటకు మాట చాలదు. ఫలితము ఒక్కటే.

ధనిక దేశములలో ఈ బాధ లేదనుకొనుట పొరపాటు. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో ఆటిజం గల పదమూడేండ్ల బాలుని అదుపుచేయు పేరుతో బడి సిబ్బంది నేలపై బోర్లా పరుండబెట్టి గంటన్నరకు పైగా అదిమి పట్టిరి. బాలుడు మరణించెను. బడి మూతపడినది, సిబ్బందిపై అభియోగములు వచ్చినవి. మసాచుసెట్స్ రాష్ట్రములో ఒక సంస్థ ఇట్టి పిల్లల శరీరమునకు విద్యుదాఘాతపు పరికరములు తగిలించి నడత దిద్దు పద్ధతిని దశాబ్దములు సాగించినది; ప్రభుత్వ సంస్థ 2020లో ఆ పరికరమును నిషేధింపగా, 2021లో న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసినది. తెనాలి, గుంటూరు ప్రాంతములనుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబములు ఎన్నియో కలవు. మంచి బడి అమెరికాలో దొరకునని బిడ్డతో ఓడ యెక్కనెంచు తలిదండ్రులు ఇదియు ఎరుగుట మేలు.

ఈ మూడు పట్టణముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. రేపల్లె రైలు తెనాలికే పోవును. రేపల్లెనుండి తన జిల్లా కేంద్రమైన బాపట్లకు రైలులో పోవలెనన్నచో పొరుగు జిల్లాలోని తెనాలిలో దిగి బండి మారవలెను. శబ్దమునకు ఓర్వని పిల్లవానిని చంకనెత్తుకొని తల్లి చేయు ఈ ప్రయాణము ఏ ప్రణాళికలోను కనబడదు. మాట నేర్పు చికిత్సకు ఒక ఊరు, సదరం శిబిరములో ధ్రువపత్రమునకు ఒక ఊరు, ఫిర్యాదునకు ఒక ఊరు. ఆ ధ్రువపత్రమునకు వాడు కొలమానము మన తెలుగునేలపైననే తయారైనదని ఎందరికి తెలియును? 1984లో సికిందరాబాదులో నెలకొన్న జాతీయ సంస్థ నలుబది అంశములతో దానిని రూపొందించినది. 70 లోపు మార్కులు వచ్చినచో ఆటిజం లేనట్లు. 153 దాటినచో తీవ్రము. లెక్క ఇంత స్పష్టముగా నున్నది గాని, 'స్వల్పము' అని పత్రము వచ్చిన పిల్లవానికే బడిలో కష్టము హెచ్చు. చూచుటకు అందరివలె నుండును గనుక అతని ప్రతి చర్యయు కావలెనని చేసినదిగానే ఎంచబడును.

మండలములందు భవిత కేంద్రములు కలవు. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అచటినుండి బడులకు వచ్చుచుందురు. వారి సంఖ్యయే ప్రశ్న. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరముల పిల్లలకు ఒకరు, ఆపై తరగతులలో పదునైదుగురికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులు ఉండవలెనని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. పోస్టులను మంజూరు చేసి ప్రకటింపుడని రాష్ట్రములను 2025 మార్చిలో మరల ఆదేశింపవలసి వచ్చినది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడుపు ఉపాధ్యాయునకు ఈ పిల్లవానిని గూడ అప్పగించి, సాయము పంపక, ఓర్పు వహింపుమనుట ప్రభుత్వమునకు తగని పని. అయినను సాయము రాకపోవుట చేయి చేసికొనుటకు అనుమతి కానేరదు.

సాయము వచ్చులోపల చేయదగినవి లేకపోలేదు, వానిలో పెక్కింటికి ఖర్చు లేదు. దినచర్యను బొమ్మలుగా గీసి గోడకు తగిలించిన చాలును: ప్రార్థన, పుస్తకము, పళ్ళెము, ఆట, ఇల్లు. మార్పు వచ్చినచో ముందుగా ఆ బొమ్మను మార్చి చూపవలెను. తెనాలి వాడైన చక్రపాణి నాగిరెడ్డితో కలసి 1947లో నెలకొల్పిన 'చందమామ' బొమ్మలతోనే గదా అక్షరము రాని పిల్లలను సైతము కథలోనికి దింపినది! బొమ్మతో నేర్పుట తెలుగువారికి కొత్త విద్య కాదు. గంట మ్రోగుటకు ముందు చెప్పుట, చివరి బల్లపై గోడవైపు చోటిచ్చుట, ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు వేపచెట్టు క్రింద అయిదు నిమిషములు కూర్చుండనిచ్చుట — ఇవి ఏ శిక్షణాలయములోను చేరకయే చేయవచ్చును.

విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. ఉపాధ్యాయుని కంటబడని వేధింపు విరామ సమయమున జరుగును. ఇట్టి పిల్లవాడు ఏది చెప్పిన అది నమ్మును. ఒకని జేబులో చేయి పెట్టుమన్న పెట్టును, గోడ దూకుమన్న దూకును. పట్టుబడువాడు అతడే, ఆటకు నవ్వువారు వేరొకరు. పక్క బల్ల విద్యార్థి ఒకడు "వీడిచేత చేయించినది వారు" అని చెప్పగలిగినచో చాల అన్యాయము ఆగును.

మాట లేని పిల్లవానిపై జరిగిన దుశ్చర్య బయటపడుట ఎట్లు? తల్లి చూపు మొదటి సాక్షి. నిన్నటిదాక బడి సంచి తగిలించుకొనిన వాడు సంచిని చూచి ఏడ్చుట, విడిచిన పక్క తడుపు అలవాటు తిరిగివచ్చుట, వచ్చిన నాలుగు మాటలు పోవుట, ఒకే వాక్యమును కఠినస్వరముతో పదే పదే పలుకుట — ఈ కడపటిదానిని ముఖ్యముగా వినవలెను. బడిలో అతనితో ఎవరో ఆ స్వరముతోనే మాటలాడి యుండవచ్చును. గాయము నాడే వైద్యునికి చూపి చీటీ తీసికొనవలెను. 1098 సంఖ్యకు ఫోను చేయుటకు రుసుము లేదు. ఫిర్యాదు ప్రధానోపాధ్యాయునకు, మండల విద్యాధికారికి వ్రాతపూర్వకముగా ఇచ్చి నకలుపై సంతకము పుచ్చుకొనవలెను. రాష్ట్ర బాలల హక్కుల కమిషనుకును, వికలాంగుల కమిషనరుకును పంపవచ్చును.

"మాట రానివాని సాక్ష్యము చెల్లదు" అని ఠాణాలో ఎవరైన అన్నచో అది నిజము కాదు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము నోటితో చెప్పలేనివాడు వ్రాసి గాని, సైగలతో గాని సాక్ష్యమీయవచ్చును. అందుకు ప్రత్యేకోపాధ్యాయుని సాయము తీసికొని, సాక్ష్యమును వీడియో తీయవలెను. ఇంటివద్ద బొమ్మల కార్డులతో అన్నమడుగు పిల్లవాడు ఆ కార్డులతోనే తనను కొట్టిన గదిని, కొట్టిన కర్రను చూపవచ్చును. ఆ కార్డులను చదువగల ప్రత్యేకోపాధ్యాయుడు మాత్రము ఆ మండలమున ఉండవలెను.